మూడో తొట్టి పాట

తాంబా కొండల్లో బొగ్గులు కాల్చుకుని బతికిన తొమెజో ముసలితనంలో పోయాడు. అతను సంచి భుజాన వేసుకుని ఊళ్ళోకి దిగితే పిల్లలు వెనకాలే పావురాల్లా కువకువలాడుతూ నడిచేవాళ్ళు. అతను తిరిగి చూసేవాడు కాదు, కసిరేవాడు కాదు. బొగ్గులు దింపి, సైగలతో బేరం చెప్పి, వచ్చిన దారినే వెళ్ళిపోయేవాడు. ఊరి లెక్కలో అతను మూగవాడు. ఈ మనిషి గొంతు మీద ఒకప్పుడు నదా సముద్రతీరంలో సాకే అనే బియ్యపు మద్యం చేసే ఓ కార్ఖానా మొత్తం నడిచిందని చెబితే నమ్మేవాళ్ళు కాదు. అది అతను పుట్టిన ఊరు కాదు, అతను పాడగా విన్నవాళ్ళు అక్కడ ఒక్కరూ లేరు మరి.

పుట్టుకతో నత్తి. అదీ అలాంటిలాంటి నత్తి కాదు. మొదటి అక్షరం దగ్గరే గొంతు పట్టేసి, మెడ నరాలు ఉబ్బి, కళ్ళు బయటికొచ్చేవి. తల్లి మొక్కని దేవుడు లేడు. తండ్రికి అంత ఓపిక ఎక్కడిది? "వీడు ఉప్పు కావాలని అడిగేలోపు మనం తినేసి చెయ్యి కడుక్కోవచ్చు" అని పదిమందిలో అనేవాడు. నిజంగానే ఆ ఇంట్లో వాడికి రెండోసారి వడ్డన ఉండేది కాదు. అడగలేనివాడికి ఎవరు పెడతారు?

ఓ ఏడాది నాట్లప్పుడు ఆడవాళ్ళు పాడుతుంటే వాళ్ళ వెనకాల బురదలో నారు అందిస్తున్న తొమెజో పాట అందుకున్నాడు. చరణం చరణమంతా ఎక్కడా తడబడకుండా, చెరువు నీళ్ళు తూములోంచి వచ్చినట్టు వచ్చేసింది. తల్లి నారు కట్ట వదిలేసి ఆ బురదలోనే కూలబడి ఏడ్చింది. ఆ సంతోషం ఒక్క పూటే. మర్నాడు ఇంటికి చుట్టాలొస్తే తండ్రి వాణ్ణి నిలబెట్టి, "అన్నం కావాలని పాడి అడగరా" అన్నాడు. పాడాడు. చుట్టాలు పొట్ట పట్టుకుని నవ్వారు. అప్పుడు మాత్రం కడుపునిండా పెట్టారు.

మంచు పడటం మొదలవగానే ఆ కొండల్లో మగవాళ్ళకి పొలం పని ఉండదు. మేస్త్రీలు జట్లు కట్టి వాళ్ళని సముద్రం ఒడ్డుకి, సాకే కాచే కార్ఖానాలకి తీసుకుపోతారు. మళ్ళీ వసంతం దాకా ఇంటి మొహం చూడటం ఉండదు. అలాంటి జట్టుకి పెద్ద మేస్త్రీ శిన్‌బెయి. ఆయన తొమెజో పాట విని, వాడి తండ్రితో ఒకే మాట అన్నాడు.

"మీవాడి నోరు నాకక్కర్లేదు. గొంతు కావాలి."

కార్ఖానాలో గడియారం పని పాట చేస్తుంది. తొట్టి కడగడానికి ఇన్ని చరణాలు, బియ్యం నానడానికి ఇన్ని, పులియబెట్టే ముద్ద దంచడానికి ఇన్ని. ముందు పాడేవాడు తొందరపడితే బియ్యం చాలినంత నానదు, సాగదీస్తే మెత్తబడిపోతుంది. తొమెజో పాట ఎంత చలిలో మొదలుపెట్టినా అదే నడకలో నడిచేది. నడవక తప్పదు. నడక కాస్త పెంచితే చాలు, నాలుక మళ్ళీ ముడిపడేది. ఈ సంగతి వాడికి తప్ప ఎవరికీ తెలియదు. వాడు ఒక వరస ఎత్తుకోవడం, జట్టంతా కలిసి "యోయ్ యోయ్... అవునే అవును!" అని అందుకోవడం, చీపుర్లు ఒక్కసారే తొట్టి గోడల మీద పడటం. తన మాటకి ఇంతమంది అవునన్న చోటు తొమెజోకి లోకంలో అదొక్కటే. దానికోసం ఏడాదంతా కాచుకుని కూర్చునేవాడు.

అంతకుముందు పాట ఎత్తుకున్నది చిన్న మేస్త్రీ దెన్‌రొకు. గొంతు బొంగురుపోయాక శిన్‌బెయి అతన్ని పాట నుంచి తప్పించాడు. దెన్‌రొకుకి తొట్ల పని అప్పగించాడు. అతని ముక్కు గొప్ప ముక్కు. పులుస్తున్న తొట్టి మీద వంగి ఒక్క పీల్పు పీల్చి, ఇది రేపటికి నురగ దిగుతుంది, ఇది ఇంకా ఆగాలి అని చెప్పేవాడు, చెప్పింది తప్పేది కాదు. కానీ పాట పోయిన బాధ పోలేదు. అది ఎక్కడ తీర్చుకోవాలో అక్కడే తీర్చుకున్నాడు.

తొమెజో కార్ఖానాకి వచ్చిన మొదటి రోజుల్లోనే, స్నానానికి వరస కట్టినచోట అందరూ వినేట్టు అన్నాడు.

"ఒరేయ్ పావురం! ఈ గుమ్మం లోపల నువ్వు మాట్లాడ్డానికి వీల్లేదు. నీ మాట కోసం కాచుకుంటే తొట్లన్నీ పొంగిపోతాయి. ఏం కావాలన్నా పాడి అడుగు. లేదంటే నోరు మూసుకో."

జట్టంతా గొల్లుమన్నారు. నత్తి పావురం కూతలా ఉందని పెట్టిన ఆ పేరు అలా అంటుకుంది. అప్పట్నుంచి వేడినీళ్ళు కావాలన్నా, ఇంకో గరిటె ముల్లంగి పులుసు కావాలన్నా వాడు గిన్నె పట్టుకుని పాడాలి. వాడు పాడటం ఆలస్యం, భోజనాల గది మొత్తం "యోయ్ యోయ్... అవునే అవును!" అనేది. అందులో వాడంటే కోపం ఉన్నవాళ్ళు ఎవరూ లేరు. చలికాలమంతా చాకిరీ చేసే మగవాళ్ళకి ఓ నవ్వు కావాలి, అంతే. అలాంటి నవ్వుకంటే పాడు నవ్వు ఇంకోటి ఉండదు.

ఓ చలికాలం నడిమధ్యలో ఊరినుంచి కబురొచ్చింది, తొమెజో తల్లి పోయిందని. వెళ్ళనివ్వమని అడగడానికి వాడు శిన్‌బెయి గది ముందు నిలబడ్డాడు. "అ... అ... అ..." దగ్గరే ఆగిపోయాడు. దారినపోతున్న దెన్‌రొకు ఆగాడు.

"పాడరా. నియమం నియమమే."

చుట్టూ ఉన్నవాళ్ళు పని ఆపి చూస్తున్నారు. ఒకరిద్దరు అప్పుడే అందుకోవడానికి నోళ్ళు సర్దుకున్నారు కూడా. తొమెజో వాళ్ళ మొహాలు చూశాడు. అమ్మని ఆ పాటలో పెట్టడం వాడికి చేతకాలేదు. తల వంచుకుని తొట్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. తల్లిని వాడు లేకుండానే దహనం చేశారు.

ఆ తర్వాతే వాడు దెన్‌రొకు మీద పాటలు కట్టడం మొదలుపెట్టాడు. పాటలో ఎవరిని ఏమన్నా పడాల్సిందే. పాటకి కోపం తెచ్చుకుంటే తొట్టిలోది విరిగిపోతుందని కార్ఖానాల్లో నమ్మకం. పెద్ద మేస్త్రీ మీద కూడా పాడొచ్చు. తొమెజో కట్టిన వరస ఇది.

"చిన్న మేస్త్రీ ముక్కు, సొరకాయంత ముక్కు,
వంగి వంగి చూసి, ఓనాడు తొట్లో పడతాడు!"

ఆ రోజు జట్టు నవ్విన నవ్వుకి చీపుర్లు జారిపోయాయి. అవునే అవును అని అరిచీ అరిచీ గొంతులు పోయాయి. దెన్‌రొకు కూడా నవ్వక తప్పలేదు. రోజూ అదే పాడమని అడిగేవాళ్ళు. వాడు రోజుకో ముక్క కొత్తగా తగిలించేవాడు. ఓరోజు చిన్న మేస్త్రీ తొట్లో ఈదుతాడు, ఇంకోరోజు తొట్టి మొత్తం తాగేసి పైకి తేలతాడు. వాడి జీవితంలో అంత సంతోషపడిన రోజులు లేవు.

దెన్‌రొకు ఊరుకునే రకం కాదు. పాటకి కోపగించుకోకూడదు కాబట్టి పాటని వెక్కిరించడం మొదలుపెట్టాడు. వీళ్ళు చూస్తుండగా తొట్టి అంచు మీద బోర్లా పడుకుని మొహం ఇంకా లోపలికి పెట్టేవాడు. పులిసే తొట్టిలోంచి వచ్చే గాలి ఊపిరి తీస్తుందని పాలుతాగే పిల్లాడికి కూడా తెలుసు. తొట్టిలోకి ముందు దీపం దించి చూడాలి, ఆరిపోతే దూరంగా జరగాలి. శిన్‌బెయి మందలిస్తే, "నా ముక్కే నాకు దీపం మేస్త్రీగారూ" అనేవాడు.

చలి కాస్త విరిగిన ఓ మధ్యాహ్నం. జట్టంతా పెరట్లో ఖాళీ తొట్లు పక్కకి వాల్చి, వేడినీళ్ళు పోసుకుని, చీపుర్లు పట్టుకుని పాట కోసం చూస్తున్నారు. తొమెజో ఎప్పట్లాగే లోపల తొట్ల మీద వేసిన బల్లల మీదికి ఎక్కాడు. అక్కడి కిటికీలోంచి పాడితే పెరడంతా వినిపిస్తుంది. ఆ కిటికీ పక్కనే, మూడో తొట్టి దగ్గర దెన్‌రొకు ఉన్నాడు. కలియబెట్టే పొడుగు తెడ్డు తొమెజో చేతికిచ్చాడు.

"ఏరా పావురం, ఇవాళ ఎక్కడ పడతాను? ఇందులోనేనా? చూసుకో, నీ పాటకి పనికొస్తుంది."

అంటూనే అంచు మీద బోర్లా పడుకుని, భుజాల దాకా లోపలికి వంగాడు. గట్టిగా పీల్చిన చప్పుడు వినిపించింది. కాళ్ళు ఒక్కసారి బిగుసుకుని, తర్వాత మెత్తబడ్డాయి. కేక లేదు, ఏమీ లేదు. మనిషి మెల్లగా తలకిందులుగా జారిపోయాడు. నురగ విడిపోయి మళ్ళీ కలుసుకుంది.

తొమెజో తెడ్డు లోపలికి దూర్చాడు. దాని అడ్డచెక్క చొక్కా మెడపట్టీకి తగులుకుంది. ఉన్న బలమంతా పెట్టి ఎత్తితే దెన్‌రొకు నెత్తి, ఒక చెవి పైకొచ్చాయి. అంతకుమించి రాలేదు. తొట్టిలోంచి వచ్చే గాలికి తొమెజోకే కళ్ళు తిరుగుతున్నాయి. తెడ్డు వదిలి పరిగెడితే మనిషి మునిగిపోతాడు. వదలకపోతే ఎవరో ఒకరు రావాలి. పిలవాలి.

"ద... ద... ద..."

కింద పెరట్లో ఎవరో అన్నారు. "పావురం లేచిందిరోయ్!"

"ద... ద... దె..."

"పాడరా బాబూ! నీళ్ళు చల్లారిపోతున్నాయి!" అది కిహెయి గొంతు. జట్టులో అందరికంటే పెద్దవాడు, మంచివాడు. ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే వాళ్ళ పని తను చేసిపెట్టేవాడు.

తొమెజో కళ్ళు మూసుకుని పాట ఎత్తుకున్నాడు.

"చిన్న మేస్త్రీ పడ్డాడు, మూడో తొట్లో పడ్డాడు..."

"యోయ్ యోయ్... అవునే అవును!" చీపుర్లన్నీ ఒక్కసారే పడ్డాయి.

"నవ్వులాట కాదయ్యో, పరుగు పరుగున రండయ్యో..."

"యోయ్ యోయ్... అవునే అవును!" ఈసారి నవ్వు ఇంకా ఎక్కువైంది. "ఇవాళ కొత్తగా కట్టాడ్రా!" అని ఎవరో అరిచారు. "నవ్వులాట కాదంట, విన్నావా!"

నడక పెంచాలని చూశాడు. పెంచిన వెంటనే నాలుక ముడిపడింది. మళ్ళీ మొదట్నుంచి, తొట్టి కడిగే ఆ నిదానపు నడకలోనే పాడాల్సి వచ్చింది. ప్రతి వరస చివరా వాళ్ళు అందుకుని పూర్తి చేసేదాకా ఆగాల్సి వచ్చింది. మొహం మీద కన్నీళ్ళు కారుతున్నాయి, గొంతు మాత్రం తొణకడం లేదు. వాడి గొంతు సంగతి అంతే. ఎన్నిసార్లు పాడాడో వాడికే తెలియదు. చివరికి చేతులు లొంగిపోయి, మెడపట్టీ జారిపోయి, తెడ్డు ఖాళీగా పైకొచ్చింది.

అప్పుడు దిగాడు. మోచేతుల దాకా తెల్లటి గుజ్జు కారుతుండగా పెరట్లోకి వచ్చి, వాళ్ళ మధ్యలో నిలబడ్డాడు. పాడలేదు. కిహెయి ఇంకా నవ్వుతూనే, "ఏరా, ఆపేశావేం?" అని తలెత్తి చూశాడు. ఆ చేతులు చూశాడు. చీపురు కింద పడేశాడు.

బయటికి లాగేసరికి దెన్‌రొకులో ప్రాణం లేదు. కార్ఖానా యజమాని పరిగెత్తుకొచ్చి మొదట అడిగిన మాట, "ఏ తొట్టి?" అని. తర్వాత, ఎవరు అని. మైల పోవడానికి తొట్టి చుట్టూ ఉప్పు చల్లించాడు, పూజారిని పిలిపించాడు. ఆ తొట్టిలోది పారబొయ్యలేదు. పిండి, వడకట్టి, వేరే గుర్తు వేసిన పీపాల్లో దూరపు ఊళ్ళకి పంపేశాడు. తాగినవాళ్ళు బాగానే ఉందన్నారట.

ఠాణా నుంచి మనిషి రాకముందే శిన్‌బెయి జట్టుని కూర్చోబెట్టి మాట్లాడాడు. ఏం మాట్లాడాడో గానీ, వచ్చిన జవానుకి అందరూ ఒకటే చెప్పారు. తొమెజో పక్కనే ఉన్నాడు, పిలవబోయాడు, నోరు పెగల్లేదు. పాపం, నత్తి. అబద్ధం కూడా జాలి పడుతున్నట్టే ఉంది. జవాను తొమెజోని ఓ ప్రశ్న అడిగి, రెండు అక్షరాలు విని, చాల్లే అని వెళ్ళిపోయాడు.

శిన్‌బెయి తొమెజోని బియ్యం కొట్లోకి తీసుకెళ్ళి భుజం మీద చెయ్యేశాడు.

"విను నాయనా. వీళ్ళంతా మళ్ళీ ఆ కొండలకే పోవాలి, ఆ మనుషుల మధ్యే బతకాలి. చస్తున్నవాడు పిలుస్తుంటే కూర్చుని వంత పాడారని తెలిస్తే వాళ్ళ మొహం ఎవడు చూస్తాడు? నువ్వు పిలవలేకపోయావంటే నిన్నెవడూ తప్పు పట్టడు. నీ సంగతి అందరికీ తెలిసిందే. నోరు మెదపకు. వచ్చే చలికాలం కూడా పాట నీదే. మెదిపావా, నిన్ను ఏ జట్టులోనూ ఎవడూ చేర్చుకోడు. నేను చేర్చుకోనివ్వను."

తొమెజో తలాడించాడు. నిజంగానే నోరు మెదపకూడదనుకున్నాడు. పాట పోతే వాడికి మిగిలేది ఆ తండ్రి ఇల్లు, ఆ రెండో వడ్డన లేని అన్నం. అది ఊహించుకుంటేనే వాడికి భయం.

దెన్‌రొకు భార్య ఒసుమి కనుమ దాటి మంచులో నడిచొచ్చేసరికి దహనం అయిపోయింది. జట్టు భోజనం చేసే గదిలో ఎముకల పెట్టె ఆమె ముందు పెట్టారు. బక్కపల్చటి మనిషి. గడ్డి చెప్పులు తడిసి ముద్దయ్యాయి. ఏడవలేదు.

"ఆ తొట్టి ఒకసారి చూపించండి" అంది.

"ఆడవాళ్ళు తొట్ల దగ్గరికి రాకూడదమ్మా" అన్నాడు శిన్‌బెయి.

ఆమె తల వంచింది. కిహెయి జరిగింది చెప్పాడు. గుడ్లల్లో నీళ్ళు తిరుగుతుండగా, ఒక్క మాట కూడా తడబడకుండా, జవానుకి చెప్పినట్టే చెప్పాడు. అంతా విని ఒసుమి గది మూల కూర్చున్న తొమెజో వైపు తిరిగింది.

"నువ్వేనా పక్కనున్నది?"

తొమెజో తలూపాడు.

"పిలవలేదా మరి?"

"పి... పి... పి..."

"వదిలెయ్యమ్మా" అన్నాడు శిన్‌బెయి. "వాడికి మాట రాదు."

"తెలుసు మేస్త్రీగారూ. ఇంటికొచ్చినప్పుడు ఈయన వీడి గురించే చెప్పేవాడు. వీడంటే పడేది కాదు. అయినా ఎండాకాలమంతా కొడవలి నూరుకుంటూ వీడి పాటే కూనిరాగం తీసేవాడు. నాకూ వచ్చేసింది విని విని." ఆమె మళ్ళీ తొమెజోని చూసింది. "నువ్వు ఇక్కడ ఏదైనా పాడే చెప్పాలట కదా. ఆ నియమం తనే పెట్టానని మా ఆయన గొప్పగా చెప్పుకునేవాడు. పాడు నాయనా. పాడే చెప్పు. నేను నవ్వను."

శిన్‌బెయి తొమెజో కళ్ళలోకి చూశాడు. ఆ చూపులో వచ్చే చలికాలం, ఆ తర్వాతి చలికాలం, అన్నీ ఉన్నాయి. తొమెజో ఎముకల పెట్టెకేసి చూశాడు. ఆ మనిషి మీద వాడికి కోపం పోలేదు, తల్లి పోయిననాటిది అలాగే ఉంది. కానీ నేను నవ్వను అని వాడితో అన్నవాళ్ళు ఈమెకి ముందు ఎవరూ లేరు.

మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని పాట ఎత్తుకున్నాడు. అదే నడక, అదే గొంతు.

"చిన్న మేస్త్రీ పడ్డాడు, మూడో తొట్లో పడ్డాడు..."

వరస అయిపోయింది. వాళ్ళు అందుకునే చోటు వచ్చింది. అందరికీ తెలుసు, ఇప్పుడు నోరు మూసుకోవాలని. పళ్ళు బిగించుకున్నారు కూడా. కానీ ఏళ్ళ తరబడి ఆ గొంతు ఆగిన ప్రతిచోటా పలికిన నోళ్ళు అవి. ముందు కిహెయి పెదాలు కదిలాయి. ఆ వెనకాల ఇంకొకరు, ఇంకొకరు. ఎవరూ పలకాలనుకోలేదు, గది మొత్తం పలికింది.

"యోయ్ యోయ్... అవునే అవును."

పలికాక గానీ వాళ్ళకి తెలియలేదు. కిహెయి రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. శిన్‌బెయి మొహం తిప్పుకున్నాడు. ఒసుమి ఒక్కొక్కరి మొహమూ చూసింది, తొందరేమీ లేనట్టు, ఆ చివర్నుంచి ఈ చివరి దాకా.

"ఇంతమంది విన్నారన్నమాట" అంది.

పెట్టె ఒళ్ళోకి తీసుకుంది. తొమెజో ఆమెకేసి చూడలేదు. ఎత్తుకున్న పాట సగంలో ఆపడం వాడికి అలవాటు లేదు. తర్వాతి వరస పాడాడు.

"నవ్వులాట కాదయ్యో, పరుగు పరుగున రండయ్యో..."

వాళ్ళు అందుకునేందుకు ఎప్పట్లాగే ఆగాడు. ఈసారి ఎవరూ అందుకోలేదు.